నా కథ నువ్వెందుకు చెప్పావు

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ దీవెనలు. నేను క్షేమం. ఉత్తరం మొదట్లో ఎవరైనా రాసే మాటే ఇది, అయినా ఈసారి అక్షరాలా నిజమని నమ్మి చదువు. తిన్నది అరుగుతోంది, నిద్ర పడుతోంది, రోజూ పనికి వెళ్తున్నాను. పిన్నీ బాబాయీ బాగున్నారు. నువ్వూ అక్కడ ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావనే అనుకుంటున్నాను.

దీవెనలు అయిపోయాయి కాబట్టి ఇక అసలు సంగతి. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. సొరంగం పని దగ్గర ఫోను అందదు కాబట్టి మనం ఉత్తరాలు రాసుకుంటున్నాం కానీ, ఫోను అందినా సరే ఇది కాగితం మీదే రాసేదాన్ని. ఫోనులో నువ్వు రెండుసార్లు "అమ్మా, అమ్మా" అంటే చాలు, నేను కోపం సంగతి మరిచిపోయి తిన్నావా అని అడుగుతాను. కాగితానికి ఆ బలహీనత లేదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. వంటింట్లో కుళాయి కారడం ఆగింది. ప్లంబరు వచ్చి వాషరు మార్చాడు, పోతూ పోతూ నా గిన్నెల గూటి తలుపు కూడా సరిచేశాడు. ల్యాబులో పని ఎక్కువగానే ఉంది. ఊళ్ళో పెద్దవాళ్ళంతా కూడబలుక్కుని ఒకేసారి పళ్ళు పీకించుకున్నట్టున్నారు. ఒక రిటైరైన జడ్జిగారికి పై కట్టుడు పళ్ళ సెట్టు చేసి పంపిస్తే, "స" అన్నప్పుడల్లా ఈల వస్తోందని తిప్పి పంపారు. మళ్ళీ మైనం కరిగించి, ముందరి పళ్ళు రెండూ వెంట్రుకవాసి లోపలికి జరిపాను. ఇప్పుడు ఈల రావడం లేదట, ఆయన మనవరాలు మాత్రం నిరాశపడిందట.

మందులు వేసుకుంటున్నావా అని అడిగావు. ఆ మందులు ఆపేసి ఏళ్ళు గడిచాయి. ఆపమన్నది డాక్టరుగారే. ఆ రోజు నువ్వు నా పక్కనే కూర్చుని విన్నావు. అయినా ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ఇన్నాళ్ళూ అది ప్రేమ అనుకుని జవాబు రాసేదాన్ని. ఇకమీదట రాయను.

చివరిది: "ఆ భోజనాల వాళ్ళు నిన్ను బాగా చూసుకుంటున్నారా?" నీ ఉత్తరం వచ్చిన రోజు ఈ వాక్యం చదివి మురిసిపోయాను. మా అబ్బాయికి నా మీద ఎంత ధ్యాస అని ల్యాబులో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే ఒళ్ళు మండుతోంది. ఎందుకో నీకు తెలుసు. నాకు ఎలా తెలిసిందో నీకు తెలియదు. అది చెప్తాను.

నేను ఆ భోజనాల బల్ల దగ్గరికి ఎందుకు వెళ్ళానో నీకు గుర్తుండే ఉంటుంది. ల్యాబులో పిల్లలు నా ఫోనులో ఒక సంబంధాల యాప్ పెట్టారు. వేలితో ఇటు తోస్తే వద్దు, అటు తోస్తే సరే. సంతలో వంకాయలు ఏరినా ఇంతకంటే కాసేపు చేతిలో పట్టుకుని చూస్తాం కదా అని మర్నాడే తీసేయించాను. అప్పుడు నా దగ్గర పళ్ళు కట్టించుకున్న ఒకామె చెప్పింది, రేడియోలో వార్తలు చదివి రిటైరైన ఒకావిడ, ఒంటరివాళ్ళను నెలకోసారి తన ఇంటికి భోజనానికి పిలుస్తుందని. మేమంతా ఆవిడను రేడియోగారు అంటాం. ఎనిమిది మందిమి. ఎప్పుడూ ఆ ఎనిమిది మందే. వంట ఎవరింటి నుంచీ తేకూడదు, ఆవిడ వంటింట్లోనే అందరం కలిసి చేసుకోవాలి. వచ్చిన ప్రతిసారీ పక్క కుర్చీలో మనిషి మారాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరి సంగతి వాళ్ళకు చెప్పాలనిపించినప్పుడు వాళ్ళే చెప్పుకోవాలి. ఎవరూ ఎవరినీ గుచ్చి అడగకూడదు. "పెళ్ళిచూపులు పావుగంట, ఆ తర్వాత పశ్చాత్తాపం జీవితమంతా. ఇక్కడ దాన్ని తిరగేద్దాం," అన్నారావిడ మొదటి రోజున, ఆ వార్తల గొంతుతో.

నాకు అది ఎంత నచ్చిందో నీకు పేజీలకు పేజీలు రాశాను. ఎనిమిది మంది కోసం ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడితే మనిషి తెలిసిపోతాడు. గిన్నె అడుగంటితే ఎవరు నవ్వుతారు, ఎవరు విసుక్కుంటారు, ఎవరు చడీచప్పుడు లేకుండా తోమిపెడతారు, అదంతా కళ్ళకు కనిపిస్తుంది. అక్కడ ఎవరికీ నేను పాపం ఫలానా ఆవిడను కాదు. కట్టుడు పళ్ళు చేసే మనిషిని, నోరు కాస్త పెద్దది, అంతే. మీ నాన్న పోయాక అలా ఒక గదిలో కొత్త మనిషిలా కూర్చోవడం అదే మొదటిసారి. ఆ ఆనందంలోనే, ఎప్పుడైనా నువ్వు సిగ్నలున్న చోటికి వచ్చి చేసినప్పుడు నా ఫోను కలవకపోతే కంగారుపడతావని, రేడియోగారి నంబరు నీకు రాసి పంపాను. దాన్ని నువ్వు ఎలా వాడావో చూడు.

మూడో భోజనం నుంచి ఏదో తేడా వచ్చింది. లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు, నాతో రాజకీయాల మీద గట్టిగా వాదించే మనిషి. ఆయన ఉన్నట్టుండి నేను ఏమన్నా "అవునవును, మీరన్నదే నిజం" అనడం మొదలుపెట్టారు. బ్యాంకు క్యాషియరు ఒకావిడ వడ్డించేటప్పుడు ముందు నాకే వడ్డించేది, నేను పూర్తిగా తిన్నానా లేదా అని ప్లేటు వంక చూసేది. ఒకసారి ఎవరో తమ మేనమామ ఆత్మహత్య చేసుకున్న సంగతి ఎత్తితే, బల్ల చుట్టూ అందరూ ఒక్క క్షణం నా ముఖం చూసి, వానల గురించి మాట్లాడుకున్నారు. నేను కనిపెట్టలేదు. వయసు పెరుగుతోంది కదా, గౌరవం కూడా పెరుగుతోంది కాబోలనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో చూడు.

ఒక్క మనిషి మాత్రం మారలేదు. లిఫ్టు మెకానిక్ అని రాశాను కదా, ఆయన. భార్య విడిపోయి వెళ్ళిపోయింది, పిల్లలు లేరు, మాట తక్కువ, తిండి ఎక్కువ. ఆ మూడో భోజనంలోనే నేను చేసిన సూపు ఒక చెంచా తాగి, "ఇది గిన్నెలు కడిగిన నీళ్ళా, కడగబోయే నీళ్ళా?" అన్నాడు. బల్లంతా బిగుసుకుపోయింది. నేను మాత్రం ఆయనతో బాగా పోట్లాడాను. మిరియాలు ఎప్పుడు వేయాలనే దాని మీద అరగంట. ఇంటికి వచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ నవ్వు గురించి నీకు రాయలేదు. ఎందుకు రాయలేదో కింద చెప్తాను.

పోయిన నెల భోజనానికి నా వంతు కూరగాయలు తరగడం. చేతిలో కత్తి ఉంది. నేను తప్పితే వంటింట్లో ఎవరూ లేరు. మాస్టారు మంచినీళ్ళ కోసం వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. తర్వాత మెల్లగా దగ్గరికి వచ్చి, పసిపిల్ల చేతిలోంచి గాజు బొమ్మ తీసుకున్నట్టు, నా వేళ్ళ మధ్య నుంచి కత్తి తీసుకున్నారు. "నేను కోస్తాలెండి. మీరు వెళ్ళి కూర్చోండి," అన్నారు.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. "ఎందుకండీ, నేను రోజూ ఇంతకంటే పదునైనవి పట్టుకుంటాను," అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో క్యాషియరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "మీరేం అనుకోవద్దు. మీ అబ్బాయి ఫోన్ చేసినప్పటి నుంచి మాస్టారు మరీ భయపడుతున్నారు," అంది.

"మా అబ్బాయి ఎవరికి ఫోన్ చేశాడు?" అని అడిగాను.

ఆవిడ చెయ్యి భుజం మీద నుంచి జారిపోయింది.

రేడియోగారిని వంటింట్లోకి పిలిచి తలుపు వేశాను. ఆవిడ దాచలేదు, ఆ మాత్రం ఒప్పుకోవాలి. "మీ అబ్బాయి ఏడ్చినంత పని చేశాడమ్మా. వాళ్ళ నాన్న పోయాక మీకు మతి చలించిందనీ, వాళ్ళ మేనమామ మిమ్మల్ని బలవంతంగా తీసుకెళ్ళి మూడు నెలలు మానసిక ఆసుపత్రిలో పెట్టించారనీ చెప్పాడు. మళ్ళీ ఎవరైనా మనసు విరిచేస్తే తట్టుకోలేరు, జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు. జాగ్రత్తగా ఉంటారని అందరికీ చెప్పాను. తప్పంటారా?"

"ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలని నియమం పెట్టింది ఎవరండీ?" అన్నాను.

"మీ మంచికే కదమ్మా."

"నా మంచి మీ అందరికీ తెలిసింది. నాకొక్కదానికే తెలియకుండా పోయింది," అని, తినకుండా చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను.

నాన్నా, ఒక్కసారి ఊహించుకో. నువ్వొక గదిలో నలుగురితో కలిసి నవ్వుతున్నావు. వాళ్ళూ నవ్వుతున్నారు. నెలల తర్వాత తెలుస్తుంది, వాళ్ళు నీతో నవ్వడం లేదు, నువ్వు నవ్వగలుగుతున్నావా లేదా అని చూస్తున్నారు. నా చీర విప్పి వీధిలో నిలబెట్టినా ఇంత సిగ్గు వేసేది కాదు. ఆ పని చేసింది పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. చేసింది నువ్వు.

మెట్లు దిగుతుంటే మెకానిక్ ఎదురయ్యాడు. ఎక్కడో లిఫ్టు ఇరుక్కుంటే బాగుచేసి ఆలస్యంగా వస్తున్నాడు, చొక్కా చేతులకు గ్రీజు. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను.

"నా సంగతి మీకూ తెలుసా?"

ఆయన బుకాయించలేదు. "తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"అందరికీ చెప్పిన రోజే నాకూ చెప్పారు. మూడో భోజనానికి ముందు."

"మరి ఆ రోజే నా సూపు గురించి అంత మాట ఎలా అన్నారు?"

"సూపు బాగోలేదు," అన్నాడు.

ఆ క్షణంలో నవ్వు రావాల్సింది. రాలేదు. "తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదు? వీళ్ళంతా నా వెనక ఇలా అనుకుంటున్నారని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేది?" అని ఆ మెట్ల మీదే కడిగేశాను. ఆయన గోడకు ఆనుకుని మొత్తం విన్నాడు. పైకి ఎక్కుతున్న వాళ్ళు మమ్మల్ని చుట్టి పోతున్నారు.

"చెప్పాల్సింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అది పిరికితనమే," అన్నాడు. మళ్ళీ తనే, "మీ అబ్బాయి కూడా భయపడే చేసి ఉంటాడు," అన్నాడు.

"మా అబ్బాయిని వెనకేసుకురావడానికి మీరెవరు?" అని వచ్చేశాను. చూడు, నిన్ను తిట్టే హక్కు కూడా ఇంకొకరికి ఇవ్వలేను, సమర్థించే హక్కు కూడా ఇవ్వలేను. అంత కోపంలోనూ నా పిచ్చి అది. పిచ్చి అన్న మాట కావాలనే రాశాను. ఆ మాటకు మన ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడకుండా ఉండే రోజు రావాలి.

ఆ తర్వాత ఆయన రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈ నెల భోజనానికి వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ వెళ్ళకపోతే వాళ్ళేమనుకుంటారు? "పాపం, మళ్ళీ తిరగబెట్టిందేమో" అనుకుంటారు. నేను ఇంట్లో కూర్చుంటే నువ్వు చెప్పిన కథే నిజమవుతుంది. అందుకని తల దువ్వుకుని వెళ్ళాను. వంటింట్లోకి కూడా పోలేదు. అందరూ బల్ల దగ్గర చేరే వరకు ఆగి, కుర్చీలో కూర్చునే చెప్పాను.

అక్కడ చెప్పిందే ఇప్పుడు నీకు చెప్పాలి. ఇది నువ్వు అందరికంటే ముందు వినాల్సింది. పదేళ్ళుగా, వీడికి కాస్త వయసు రానీ, వీడి చదువు అవనీ, వీడికి ఉద్యోగం రానీ అని దాస్తూ వచ్చాను. చివరికి వరస మార్చింది నువ్వే. పరాయివాళ్ళు ముందు విన్నారు. అందుకు నాకు ఎంత కష్టంగా ఉందో, అంత కోపంగానూ ఉంది.

నన్ను మామయ్య తీసుకెళ్ళలేదు. ఎవరూ తీసుకెళ్ళలేదు. నేనే వెళ్ళాను.

మీ నాన్న పోయిన తర్వాత నెలల తరబడి నాకు నిద్ర లేదు. ల్యాబులో అచ్చులు పోస్తూ పోస్తూ ఎందుకు పోస్తున్నానో మరిచిపోయేదాన్ని. ఒక సాయంత్రం నువ్వు బడి నుంచి వచ్చి ఆకలేస్తోందన్నావు. నేను పొయ్యి వెలిగించి, దాని ముందు నిలబడి, నువ్వు ఎవరో ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయాను. ఒక్క క్షణమే. నీకు తెలియలేదు. నాకు తెలిసింది. మర్నాడు నిన్ను పిన్ని దగ్గర దింపి, నాలుగు జతల బట్టలు సంచిలో పెట్టుకుని, బస్సెక్కి, ఆ ఆసుపత్రి కిటికీ దగ్గర నిలబడి, "నాకు బాగోలేదు, ఒక మంచం ఇవ్వండి," అన్నాను. వెంట ఎవరున్నారని అడిగారు. ఎవరూ లేరన్నాను. మామయ్యకు కబురు అందింది ఆ తర్వాతే. ఆయన వచ్చి కాగితాల మీద సంతకం మాత్రం పెట్టాడు.

నన్ను మామయ్య ఉన్నట్టుండి తీసుకెళ్ళాడని నీకు చెప్పమన్నది నేనే. అమ్మ తనంతట తనే నిన్ను వదిలి వెళ్ళింది అంటే పద్నాలుగేళ్ళవాడివి ఏమనుకుంటావోనని. పిన్ని ఒప్పుకోలేదు, "పిల్లాడికి నిజం చెప్పక్కా, తట్టుకుంటాడు," అంది. నేనే వినలేదు. నీకు అప్పటి నుంచి నేను విరిగిన మనిషిలా కనపడుతున్నాను. నేను విరగలేదురా. విరగబోతున్నానని నాకే ముందు తెలిసింది, విరగకముందే వెళ్ళి బాగుచేయించుకున్నాను. నా బతుకులో నేను చేసిన గట్టి పని ఏదైనా ఉంటే అదే. దాన్ని నువ్వు మామయ్య ఖాతాలో వేసి, నాకు మతి చలించిన ఆడదాని వేషం వేసి, ఏడుగురి ముందు నిలబెట్టావు. నా కథ నాకు చెప్పకుండా చెప్పడం ఒక తప్పు. తప్పుగా చెప్పడం రెండోది. రెండోదానికి సగం బాధ్యత నాది, ఒప్పుకుంటాను. మొదటిదానికి మొత్తం నీదే.

బల్ల దగ్గర ఇదంతా చెప్పాక మాస్టారు తల వంచుకుని, "నేను మీ చేతిలో కత్తి..." అని ఆగిపోయారు.

"దానికి శిక్ష ఉంది. ఈ ఏడాది పొడుగునా ఉల్లిపాయలన్నీ మీరే తరగండి," అన్నాను. అప్పుడు అందరూ నవ్వారు. ఈసారి నా ముఖం వంక చూడకుండా, ఎవరి నవ్వు వాళ్ళు నవ్వారు. రేడియోగారు నవ్వలేదు. ఆవిడ లేచి వచ్చి, వార్తల గొంతు కాకుండా మామూలు గొంతుతో, "నా ఇంట్లో నా మాట నేనే తప్పాను, క్షమించండి," అన్నారు. క్షమించానని ఇంకా చెప్పలేదు. ఆలోచిస్తాను అన్నాను. ఆవిడ పెట్టిన పద్ధతి ప్రకారం ఏదీ తొందరపడకూడదు కదా.

మెకానిక్ సంగతి. నాతోపాటు బస్టాపు దాకా నడిచి వచ్చాడు. దారిలో, "నేను విన్నది వేరు, మీరు చెప్పింది వేరు. నేను విన్న ఆ మనిషి మీద నాకు జాలి వేయలేదు, మీతో పోట్లాట అలవాటైపోయింది కాబట్టి. చెప్పిన మనిషిని చూస్తే మాత్రం కొంచెం భయం వేస్తోంది," అన్నాడు. "భయపడితే మంచిదే," అన్నాను. "ఆదివారం మధ్యాహ్నం నాతో ఎక్కడైనా తింటారా? బల్ల, నియమాలు లేకుండా?" అని అడిగాడు. సరేనన్నాను. అప్పటి నుంచి మూడు ఆదివారాలు కలిశాం. పెళ్ళా, కాదా, ఒకే ఇంట్లోనా, ఎవరింట్లో వాళ్ళమా, ఏదీ తేల్చుకోలేదు. తేల్చుకోవాల్సిన తొందర ఇద్దరికీ లేదు. కానీ ఆయనంటే నాకు ఇష్టం. ఇన్నాళ్ళూ నీకు రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు. రాస్తే నువ్వు కంగారుపడి ఆయన గురించి ఆరా తీస్తావని.

ఇప్పుడు నేనే ముందుగా చెప్తున్నాను చూడు: ఆయనకు ఫోన్ చెయ్యొద్దు. పిన్నితో వాకబు చేయించొద్దు. ఆయన పాత భార్య ఎందుకు వెళ్ళిపోయిందో కనుక్కోవడానికి ఏ స్నేహితుణ్ణీ పంపొద్దు. ఆయన నాకు చెప్పాడు, నాకు తెలుసు, అది చాలు.

నువ్వు ఎందుకు ఫోన్ చేశావో నాకు తెలుసు. ఆ మూడు నెలలు పిన్ని ఇంట్లో నువ్వు ఎలా ఉన్నావో ఆమె నాకు చెప్పింది. వీధిలో ఏ బండి ఆగినా కిటికీ దగ్గరికి పరిగెత్తేవాడివట. ఆ పిల్లాడు ఇంకా నీలో ఉన్నాడు. వాడే ఫోన్ చేశాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఇరవై నాలుగేళ్ళు వచ్చి, కొండ తొలిచే లెక్కలు కట్టగలిగి కూడా, ఆ పిల్లాడిని తల్లి దగ్గరికి పంపకుండా ముక్కూమొహం తెలియని ఆవిడ దగ్గరికి పంపావే, ఆ నీ మీద కోపం.

వానలకు పని ఆపినప్పుడు సెలవు ఇస్తారని రాశావు. రా. ఇక్కడ నీ మంచం నీకు ఉంది. ఆయన్ని పిలుస్తాను, నీకు ఏమడగాలనిపిస్తే అది ఆయన్ని ఎదురుగానే అడుగు. ఆ తర్వాత ఆయన్ని పంపించేసి మనిద్దరం కూర్చుందాం. ఆ ఆసుపత్రిలో ఏం తినేదాన్నో, పక్క మంచం మీద ఎవరుండేవారో, రాత్రి ఎందుకు ఏడ్చేదాన్నో, నిన్ను తలుచుకునేదాన్నో లేదో, అన్నీ అడుగు. అప్పుడు నిన్ను ఎవరూ అడగనివ్వలేదు. ఇప్పుడు నన్ను అడుగు. చెప్తాను.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని,
నిన్ను కన్న అమ్మ